తెల్లారేదాకా నిలిచే గొంతు

ఉత్తర తెలంగాణలో మల్లన్న జాతరల కాలం, గొంతులు పోయే కాలం ఒక్కటే. కొమురవెల్లిలో సంక్రాంతికి మొదలైన సందడి ఉగాది దాకా సాగుతుంది. ఇటు ఓదెలలోనూ, ఊరూరా ఉన్న మల్లన్న, బీరప్ప గుళ్ల ముందరా దేవుడి పేరిట రంగుల ముగ్గులేసే పట్నాలు పడుతుంటాయి. కరీంనగర్ పల్లెల్లో ఏ ఇంట చూసినా సర్ది, దగ్గు, ‘గొంతు వట్టింది’ అన్న మాటే. ఆదిలాబాద్ వైపు చలి ఇంకా ముదురు. ఆ మంచులో, గుగ్గిలం పొగలో, గాలికెగిరిన పసుపు బండారిలో, వందల కాళ్ల కింద లేచిన దుమ్ములో మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల గాథలు ఆడిపాడి చెప్పే ఒగ్గు కథకుడు బువ్వ తిన్నాక కథ ఎత్తుకుంటాడు. తెల్లారేదాకా చెప్తాడు. మర్నాడు ఇంకో ఊళ్లో మళ్లీ చెప్తాడు.

ఆ గొంతు ఎట్లా నిలుస్తుంది? అడిగితే కొందరు మల్లన్న దయ అంటారు, కొందరు బుగ్గన పెట్టుకున్న కరక్కాయ అంటారు. ఎన్నో ఏళ్లుగా ఈ కథలు వింటున్న నాకు మాత్రం అసలు రహస్యం కథ అల్లికలోనే ఉందనిపిస్తుంది. ఒక్క మనిషి గొంతు రాత్రంతా మొయ్యలేని బరువని ఈ కళను కట్టినవాళ్లకు బాగా తెలుసు. అందుకే మోతబరువును దారిపొడవునా భుజాలు మార్చుకున్నట్టు, గొంతులు మార్చుకునేలా దీన్ని కట్టారు.

మేళంలో నలుగురైదుగురు ఉంటారు. ప్రధాన కథకుడు, అతనికి మాటందించే తోడు, డోళ్లు, తాళాలు, వంత. కథకుడు ఒక చరణం ఎత్తుకుని చివరి ముక్క వదిలేస్తాడు. వంతవాళ్లు దాన్ని అందుకుని సాగదీస్తారు. వినేవాళ్లకు పాట ఎక్కడా తెగదు. కథకుడికి మాత్రం ఆ సాగతీతలో రెండు మూడు ఊపిరులు దొరుకుతాయి. మాటందించేవాడు ‘ఆఁ’, ‘గట్లనా’, ‘అవు మల్ల’ అంటూ ఊ కొడుతుంటే మనకు అది ముచ్చటగా ఉంటుంది. అదే సమయంలో కథకుడు గుటక మింగుతాడు, గొంతు తడుపుకుంటాడు. తర్వాతి మాట ఏ స్థాయిలో ఎత్తుకోవాలో చూసుకుంటాడు. ఒక్కోసారి తోడు కావాలని అడ్డంగా ప్రశ్న వేస్తాడు. జనం నవ్వుతారు. ఆ నవ్వు అణిగేదాకా కథకుడి గొంతుకు పని లేదు.

డోలు సంగతి చూస్తే నాకు మరీ గౌరవం కలుగుతుంది. చుట్టూ చప్పుడు పెరిగితే మనకు తెలియకుండానే మన గొంతు కూడా పెరుగుతుంది. ఎటియెన్ లాంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లో ఈ సంగతి రాశాడు, దాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే చెప్పుకుంటారు. సిరిసిల్ల మరమగ్గాల షెడ్డులో రెండు మాటలు మాట్లాడి బయటికొస్తే ఎవరికైనా ఇది తెలుస్తుంది. గొంతు చెడగొట్టుకోవడానికి ఇంతకంటే దగ్గరిదారి లేదు. అట్లాంటప్పుడు పక్కనే రెండు డోళ్లు మోగుతుంటే కథ చెప్పేవాడు ఏం కావాలి? గమనించి వినండి. మంచి మేళంలో మాట నడుస్తున్నంతసేపు డోలు అడుగున గుసగుసలాడుతుంది. మాట ఆగగానే ఒక్కసారి విరుచుకుపడుతుంది. కథకుడు గజ్జెలు మోగిస్తూ చిందేసేది అప్పుడే. డోలు మీద గొంతు, గొంతు మీద డోలు పోటీకి దిగకుండా కాపాడే ఆ సంయమనం ఒక్కరోజులో వచ్చేది కాదు. డోలు కొట్టేవాడి చూపు తన చేతుల మీద ఉండదు, కథకుడి మెడ మీదే ఉంటుంది.

పాట, వచనం మారిమారి రావడంలోనూ ఇదే నేర్పు. పై స్థాయిలో పాట ఎత్తి, దిగి వచ్చి మామూలు మాటల్లో కథ నడిపి, మళ్లీ పైకి వెళ్తారు. ఎల్లమ్మ కథలో కొంగు తల మీద కప్పుకుని ఆడమనిషి అయిపోయే కథకుడు సన్నగొంతు కోసం అరవడు. నడక మారుతుంది, మెడ వంపు మారుతుంది, మాట విరుపు మారుతుంది. మిగతాది మన చెవి పూరించుకుంటుంది.

ఈ విద్యను కరీంనగర్ గడ్డ మీద పతాకస్థాయికి తెచ్చినవాడు మిద్దె రాములు. వేములవాడ దగ్గరి హన్మాజిపేట ఆయన ఊరు. సి. నారాయణరెడ్డి పుట్టిన ఊరూ అదే. ఎల్లమ్మ కథ చెప్పడంలో రాములు పెట్టింది పేరు. 1990లో మారిషస్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల దాకా ఒగ్గు కథను తీసుకెళ్లి, 2010లో కన్నుమూశాడు. అంతటి గొంతును తలుచుకున్నప్పుడల్లా ఆయన వెనకాల నిలబడి చరణాలు అందుకున్న పేరులేని వంతగాళ్లను కూడా తలుచుకోవాలనిపిస్తుంది.

ఒకసారి గొంతు లోపలికి చూద్దాం. మగవాళ్లలో స్వరతంత్రులు రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటాయి. మామూలు మాటకే సెకనుకు నూరు, నూట ఇరవై సార్లు ఒకదానికొకటి తగులుతాయి. గంటసేపు ఆపకుండా పలికితే మూడున్నర లక్షలకు పైగా తాకిళ్లు. వాటిమీది సన్నని తడి పొర ఆరితే రాపిడి, రాపిడితో వాపు, వాపుతో బొంగురు. సర్ది తోడైతే ఆ వాపు ముందే వచ్చి కూర్చుంటుంది. అప్పుడు బలవంతంగా పలికిస్తే ఉన్న గొంతు కూడా పోతుంది.

అయినా పోయే రోజు పోతుంది. నాకు అన్నిటికన్నా మెచ్చుకోలు కలిగేది ఆ రోజు మేళం నడిచే తీరు. తోడు మనిషి మెల్లగా కథలోకి వస్తాడు, పాటలు తనవైపు లాక్కుంటాడు. శ్రుతి కాస్త దించుతారు. అసలు కథకుడు వచనానికి, ఆటకు పరిమితమవుతాడు. పెద్ద మేళాల్లో ఈ మార్పు ఎప్పుడు జరిగిందో వినేవాళ్లకు తెలియదు. అట్లా గొంతు పోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి అని మనం ఇళ్లలో అనుకుంటాం. నొక్కిపట్టిన గుసగుస కూడా శ్రమే. మౌనమే మేలు, తప్పకపోతే మెత్తగా నాలుగు మాటలు.

ఇక మందులు. మిరియాల పాలు, శొంఠి కషాయం, తేనె, ఉప్పేసిన గోరువెచ్చని నీళ్లు పుక్కిలించడం, ఆవిరి. వీటితో గొంతు వెనకభాగం మంట తగ్గుతుంది, కఫం వదులవుతుంది. అయితే తాగినదేదీ స్వరతంత్రుల మీద పడదు. పడితే పొలమారుతుంది. ఒంట్లో నీరు నిండుగా ఉంటేనే వాటి తడి నిలుస్తుంది. కథకుడు కథకు ముందు రోజంతా తాగిన నీళ్లు, కథ మధ్యలో తాగిన కషాయం కంటే ఎక్కువ పని చేస్తాయి. ఆదిలాబాద్ అడవిలో దొరికే కరక్కాయను నేను తీసిపారెయ్యను. వగరుకు నోట్లో నీరూరుతుంది, మాటిమాటికి గుటక పడుతుంది. ఊరికూరికే ఖంగుఖంగుమని గొంతు సవరించుకోవడం దానితో తప్పినా చాలు, సగం మేలు జరిగినట్టే. బీడీ, కల్లు, అర్ధరాత్రి కారపు కూర మాత్రం ఈ శ్రమనంతా వెనక్కి లాగేస్తాయి. పిల్లలకు గొంతునొప్పితో గట్టి జ్వరం వస్తే కషాయాలతో ఆగకూడదు. ఒక రకం సూక్ష్మజీవితో వచ్చే గొంతునొప్పిని వదిలేస్తే గుండె కవాటాల దాకా పోవచ్చు.

రాత్రంతా గొంతు నిలపడమనే ఇదే చిక్కుకు ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఇంకో పరిష్కారం కనిపిస్తుంది. ప్రధాన్, తోటి తెగల కళాకారులు తరతరాలుగా గోండుల వంశగాథలు గానం చేస్తున్నారు. వాళ్ల చేతిలోని కిక్రి కమానుతో పలికే తీగవాద్యం. గొంతు ఆగిన చోట తీగ పాటను పట్టుకుంటుంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర జరిగే చలిలో అట్లాంటి తోడు లేకుండా గాథ నడవడం కష్టం.

ఇంత తోడున్నా గొంతు తేరుకోకపోతే లోపలికి చూడక తప్పదు. గొంతు లోపల ఏం జరుగుతుందో బతికున్న మనిషిలో సరిగ్గా చూపించినవాడు వైద్యుడు కాడు, పాట పంతులు. మాన్యుయెల్ గార్సియా 1854లో పారిస్‌లో చిన్న అద్దం, ఎండ వెలుగు సాయంతో తన స్వరతంత్రులు కదలడం తానే చూసుకున్నాడు. ఆ అద్దమే ఇవాళ చెవి ముక్కు గొంతు వైద్యుల చేతుల్లో కెమెరా గొట్టమైంది. సర్దితో పోయిన గొంతు సాధారణంగా వారం, రెండు వారాల్లో తిరిగి వస్తుంది. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే, అందులోనూ బీడీ తాగే అలవాటుంటే, చూపించుకుని తీరాలి. ఊపిరి ఆడకపోయినా, ఉమ్మి మింగుడు పడకపోయినా, రక్తం పడినా ఒక్క పూట కూడా ఆగొద్దు. గొంతులో పుట్టే రాచపుండు (క్యాన్సర్) మొదట్లోనే దొరికితే చాలామందికి మాట కూడా దక్కుతుంది. జాతరల కోసం పెట్టే వైద్య శిబిరాల్లో ఒగ్గు మేళాల కోసం ఒక గొంతు డాక్టరును కూర్చోబెట్టాలి. అది కూడా సంక్రాంతికి ముందే, ఆ ఏటి మొదటి పట్నం పడకముందే జరగాలి.