‘రేస్ కండిషన్’కు తెలుగు పదం: ఒక పరిశీలన

పారిభాషిక పదానికి సమానపదం దొరికినంత మాత్రాన భావం సిద్ధించదు. కంప్యూటర్ శాస్త్రంలోని ‘రేస్ కండిషన్’ ఇందుకు నిదర్శనం. దీనిని ‘పోటీ స్థితి’ అంటే దోషం వేగంలో ఉందన్న భ్రమ కలుగుతుంది. నిజానికి అది క్రమానికి సంబంధించినది.

లినక్స్ కెర్నెల్ నెట్‌వర్కింగ్ విభాగంలో 2016లో బయటపడిన సీవీఈ-2016-8655 అనే లోపాన్ని పరిశీలిద్దాం. ప్యాకెట్ సాకెట్‌కు రింగ్ బఫర్ కోసం మెమరీని కేటాయించేటప్పుడు, వెర్షన్ మూడవదైతే కెర్నెల్ ఒక టైమర్‌ను కూడా అమరుస్తుంది. కేటాయింపు ముగియకముందే మరొక థ్రెడ్ ఆ వెర్షన్‌ను మార్చగలిగేది. అప్పుడు సాకెట్‌ను మూసే వేళ టైమర్ రద్దు కాదు. మెమరీ విడుదలైపోతుంది, మిగిలిపోయిన టైమర్ ఆ విడిచిన చోటునే తాకుతుంది. 2011లో ప్రవేశించిన ఈ లోపం ఐదేళ్లు దాగి ఉంది.

సవరణ ఎవరి వేగాన్నీ తగ్గించలేదు. వెర్షన్ మార్పును, బఫర్ కేటాయింపును ఒకే సాకెట్ లాక్ కిందికి తెచ్చింది. ఒక పని పూర్తయ్యేదాకా రెండవది ఆగవలసిందే.

‘క్రమభంగం’ అన్నా చాలదు. భంగపడటానికి ముందుగా ఒక క్రమం నియతమై ఉండాలి. ఇక్కడ లోపించింది ఆ నియతియే. కనుక ‘అనియతక్రమ దోషం’ అనే పదాన్ని ప్రతిపాదించవచ్చు. వ్యవహారంలో ‘రేస్ కండిషన్’ నిలిచినా, నిర్వచనంలో ఈ భావం ఉండాలి.

శాంతిపురానికి సమీపంలోని కుప్పంలో 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం వంటి సంస్థలలో పదనిర్మాణానికి ఇదే గీటురాయి కావాలి: దోషాన్ని తెలిపే పదం దాని సవరణకూ దారి చూపాలి.