గిటారూ, చింతాకు పతకమూ

కంచెర్ల గోపన్నగారి కీర్తనల్లో నాకు చాలా యిష్టమైనది 'ఇక్ష్వాకు కులతిలక'. భక్తి కోసం అంటే అబద్ధం. అందులో ఉన్న లెక్కల కోసం. జమాఖర్చుల పుస్తకాన్ని పాటగా కట్టడం ఆ మహానుభావుడికే చెల్లింది. భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, లక్ష్మణుడికి ముత్యాల పతకం, సీతమ్మవారికి చింతాకు పతకం అంటూ ఒక్కొక్కటే ఏకరువు పెడతాడు. తమాషా ఏమిటంటే దాదాపు అన్నింటికీ పదివేలే! వరహాలని ఒకచోట, మొహరీలని ఇంకోచోట అంటాడు గాని అంకె మాత్రం కదలదు. మనం ఇంట్లో ఇలాంటి పద్దు రాసి చూపిస్తే, "అన్నీ పదివేలేనా? అసలు చీటీలేవీ?" అని అడగని మొగుడుంటాడా? పాల్వంచ పరగణా తహసీల్దారు రాసిన పద్దును తానీషా కూడా అలాగే చూసి ఉంటాడు. పన్నెండేళ్ళు గోల్కొండ చెరసాలలో పెట్టాడంటారు.

ఆ పాటను పాటగా కాక పద్దుగా చదివితే ఒకటి తెలుస్తుంది. ఏది ఎంతయిందో అంతా ఉంది. దానివల్ల ఏమొచ్చిందో ఒక్క ముక్క లేదు. పైగా, ఈ సొమ్ము మీ నాన్న ఇచ్చాడా, మీ మామ పంపాడా అని సాక్షాత్తూ దేవుణ్ణే నిలదీస్తాడు. దెబ్బలు తిన్నవాడికి అలా అడిగే హక్కుంది, కాదనను. కాని సరదా కోసం డబ్బు పెట్టిన ప్రతి ఇంట్లోనూ చివరికి వినిపించేది ఆ ప్రశ్నే. మా బూర్గంపాడు, సారపాక ఇళ్ళల్లో ఈ మధ్య నాకది గిటారు మీద తెగ వినిపిస్తోంది.

ఈ ప్రాంతానికి గిటారేమిటి అనుకోకండి. సారపాకలో కాగితపు మిల్లు 1979లో నడక మొదలుపెట్టింది. దానితోబాటు దేశం నలుమూలల మనుషులూ వచ్చారు, వాళ్ళ పిల్లలూ వచ్చారు. 1965లో గోదావరి మీద వంతెన పడ్డాక భద్రాచలం మాకు పక్కవీధి. ఇప్పుడు గిటారు అన్నది ఇంటర్మీడియెట్ పాసైన అబ్బాయి అడిగే మొదటి బహుమతి. కొని తెస్తారు. రెండు నెలలు ఇల్లంతా టింగు టింగు. మూడో నెల నుంచి బీరువా మీద, దాని పక్కన పాత సూట్‌కేసు, ఆ పైన వడియాల డబ్బా. అప్పుడు మొదలవుతుంది గోపన్నగారి ప్రశ్న.

సరే, ఆ లెక్కేదో సరిగ్గానే వేద్దాం. గిటారు పదివేలనుకుందాం (రామదాసుగారి అంకె, నాది కాదు). ఇనప తీగెలు మన తేమకు తుప్పు పడతాయి. గోదావరి ఒడ్డున మరీను. మూడు నెలలకో సెట్టు మార్చాలి. సెట్టు అయిదువందలు వేసుకున్నా ఏడాదికి 2,000, పదేళ్ళకు 20,000. అంటే గిటారు కన్నా తీగెలకే రెట్టింపు! ఇక మాస్టారుకి నెలకు వెయ్యి చొప్పున మూడేళ్ళు, 36,000. మొత్తం 66,000. ఎవరైనా గుండెల మీద చెయ్యి వేసుకుంటారు. కాని రోజుకు అరగంట చొప్పున పదేళ్ళు వాయిస్తే 1,825 గంటలు. గంటకు 36 రూపాయలు పడుతుంది. సినిమాహాల్లో సమోసాకు కూడా చాలదు.

అదే ఆరు నెలలకు మానేశాడనుకోండి. గిటారు, రెండు సెట్ల తీగెలు, ఆరు నెలల జీతం కలిపి 17,000. వాయించింది 91 గంటలు. గంటకు 187 రూపాయలు! ఒక్క నెలకే విసుగెత్తితే గంటకు 767. అంచేత గిటారు ఖరీదైన సరదా అనే మాట నేనొప్పను. ఖరీదైనది మానెయ్యడం.

బీరువా మీద పడుకోబెట్టినా దాని ఖర్చు ఆగదు. మామూలు ఇనప తీగెల గిటారు మీద ఆరు తీగెలూ కలిసి డెబ్భై కిలోలకు పైగా బరువుతో మెడను లాగుతూ ఉంటాయి. మీరు నిద్రపోయినా అవి నిద్రపోవు. వానాకాలం చెక్క ఉబ్బుతుంది, ఎండాకాలం బిగుసుకుంటుంది, నాలుగేళ్ళకు మెడ వంగి కూర్చుంటుంది. అప్పుడు అమ్ముదామన్నా కొనేవాడు సగానికి సగం అడుగుతాడు. వాయించకుండా దాచేవాళ్ళు తీగెలు కాస్త వదులు చేసి దాచండి. ఇది ఊరగాయ జాడీకి వాసెన కట్టడంలాంటిదే.

ఇక్కడొక పెద్దాయన అడ్డొస్తారు: "అసలు మన వాద్యమే కాదు గదా, దానికింత పురాణమా?" అని. ఆ మాటకొస్తే వయొలిను కూడా దొరలతో వచ్చిందే. ద్వారం వెంకటస్వామినాయుడుగారి తర్వాత దాన్ని పరాయిదనే ధైర్యం ఏ తెలుగువాడికుంది? హార్మోనియాన్ని ఆకాశవాణి 1940లో వెలేసింది, 1971లో మళ్ళీ గడప లోపలికి రానిచ్చింది. ఈలోగా మన నాటకాలూ భజనలూ ఆగాయా? గిటారు మెడ మీద అతికే పలకకు మేలైన కలప జిట్టేగి. ఆ చెట్టు మన దక్షిణాది అడవుల్లోదే. జిట్టేగి జాతుల కలప దేశాలు దాటకుండా 2017లో అంతర్జాతీయ ఒప్పందం కింద కట్టడి పెట్టి, గిటార్లవాళ్ళు మొత్తుకోగా 2019లో తయారైన వాద్యాలకు మినహాయింపు ఇచ్చారు. చెట్టు మనది, పాట పరాయిది అంటే ఎలా?

ఇంకో వాదం దీనికి ఎదురు కొస నుంచి వస్తుంది. ఇది తల్లులది. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఆరేళ్ళప్పుడు తండ్రిగారి మాండలిన్ చేతికి తీసుకున్నాడట, ప్రపంచమంతా తిరిగాడు. మా వాడు మాత్రం కాకూడదా? కావచ్చు, ఎవరు వద్దన్నారు. కాని ఆ కథలో నన్ను నిలిపేది పిల్లవాడు కాదు, తండ్రి. ఆ ఇంట్లో మాండలిన్ అందుబాటులో ఉంది, వాయించే మనిషి ఉన్నాడు. కొడుకు పద్మశ్రీ తెస్తాడని ఆయన నేర్చుకోలేదు గదా! మనం పిల్లవాడి చేతిలో గిటారుతోబాటు ఒక పోటీ పరీక్షని కూడా పెడుతున్నాం. టీవీలో రావాలి, బహుమతి రావాలి. రాకపోతే వడియాల డబ్బా కిందకి.

కళనే బతుకుగా పెట్టుకున్నవాళ్ళ సంగతి వేరు, దాన్ని దీనితో కలపకూడదు. మా పక్కనే మణుగూరు మండలం కూనవరం మనిషి సకిని రామచంద్రయ్యగారు డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథను కోయల వంశచరిత్రగా పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో కన్నుమూశారు. కోయపల్లెల్లో డోలు ఎవరికీ 'హాబీ' కాదు. పండక్కీ పెళ్ళికీ చావుకీ అది ఉండి తీరాలి. కొమ్ములు పెట్టుకుని ఆడే మొగవాళ్ళూ, రేలపాట ఎత్తుకునే ఆడవాళ్ళూ సాయంత్రం ఎంతసేపు ఆడారని గడియారం చూసుకోరు. ఏం లాభం అని అక్కడ అడిగితే అడిగినవాళ్ళనే వింతగా చూస్తారు. సరదా అనే మాటకు సంజాయిషీ అవసరమయ్యేది మనలాంటి జీతాల ఇళ్ళల్లోనే.

ఆ సంజాయిషీ ఎక్కువగా చెప్పుకోవలసింది ఎవరో మీకు తెలుసు. మన అమ్మల కాలంలో ఆడపిల్లకు వీణ నేర్పేవారు. బొబ్బిలి నుంచో నూజివీడు నుంచో పనస కర్ర వీణ తెప్పించి, ఏళ్ళ తరబడి మాస్టారుకి జీతమిచ్చి, ఆ పెట్టుబడి మొత్తానికీ ప్రతిఫలం ఒక్క సాయంత్రంలో రాబట్టేవారు, పెళ్ళిచూపుల నాడు. "అమ్మాయీ, ఏదీ ఒక కీర్తన వాయించు." అంతే! ఆ మర్నాటి నుంచి వీణకు గవిసెన తొడిగేసేవారు. అత్తవారింట వీణ గది మూలన నిలబడితే, పక్కన మరచెంబు. దాన్ని వృథా అని ఎవరూ అనలేదు. ఎందుకంటే పెళ్ళి కుదిరింది కదా, లెక్క తేలిపోయింది. ఆ పిల్ల వేళ్ళకు అలవాటైన రాగాన్ని ఏ పద్దులో రాశారు? గిటారు మానేసిన కొడుకుని చూసి డబ్బు పోయిందని గుండెలు బాదుకునే ఇల్లే, వీణ మానేసిన కోడలిని చూసి బుద్ధిమంతురాలంది!

అంచేత నా 66,000 రూపాయల పద్దులో కూడా ఒక లోటుంది. డబ్బు లెక్క వేశాను గాని ఆ రోజూ అరగంట ఎవరిదో అడగలేదు. కొడుకు అరగంట ఇంట్లో అందరూ కలిసి ఇచ్చింది. వాడు వాయిస్తుంటే టీవీ గొంతు తగ్గిస్తారు, కాఫీ అక్కడికే తెచ్చిస్తారు. తల్లి అరగంట కూర్చుంటే? కుక్కర్ కూత వేస్తుంది, ఫోను మోగుతుంది, "అమ్మా, నా సాక్సు" అని కేక వినబడుతుంది. ఆమెకు పదివేల గిటారు కొనివ్వడం తేలిక. చాలామంది భర్తలు సంతోషంగా కొనిస్తారు కూడా. ఏడాదికి 182 గంటలు కొనివ్వడమే ఎవరికీ చేతకావడం లేదు. గిటారు విలువ ఎంతో చెప్పమంటే, ఆ ఇంట్లో అమ్మ అరగంట విలువ ఎంతో ముందు చెప్పండంటాను.

మా ఊళ్ళో కొందరు ఆడవాళ్ళు ఈ లెక్క తిరగేస్తున్నారు. బీరువా మీది గిటారు కిందికి దించి, దుమ్ము తుడిచి, కొడుకు మానేసిన చోటి నుంచి మొదలుపెడుతున్నారు. కొడుకు బెంగుళూరులో, తీగె తల్లి వేలి కింద. ఆ గిటారుకి పెట్టిన పదివేలూ ఎప్పుడో నీళ్ళపాలయ్యాయి కాబట్టి కొత్తగా పెట్టాల్సింది తీగెల ఖరీదే. నా మూడో లెక్క ప్రకారం గంటకు 767 పడిన గిటారు కూడా ఆవిడ చేతిలో ఏడాది తిరిగేసరికి డెబ్భైకి లోపు దిగుతుంది. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర డెబ్భై అడుగులు దాటినప్పుడు మా దిక్కు ఇళ్ళల్లో జనం సర్టిఫికెట్లూ బంగారమూ బియ్యమూ మూటగట్టుకుని పోయారు. వాద్యం చెక్కలన్నీ జిగురుతో నిలబడ్డవి, నీళ్ళు తగిలితే విడిపోతాయి. మూటల్లో దానికి చోటిచ్చిన ఇల్లు, దాన్ని ఖర్చు పద్దులోంచి ఎప్పుడో తీసేసిన ఇల్లన్నమాట.

కొత్తగా పట్టుకునేవారికి ఒక్క విషయం. మొదటి నెలంతా ఎడమచేతి వేలికొసలు మండుతాయి. తర్వాత కాయలు కాసి నొప్పి పోతుంది. గోళ్ళు ఆ చేతికి పెంచుకోకూడదు. నీళ్ళలో నానిన వేలు తీగె మీద నిలవదు, కాయ మెత్తబడి మళ్ళీ మొదటి కొస్తుంది. కాబట్టి రాత్రి వాయించదలచుకుంటే గిన్నెలు తోమకముందే వాయించండి. అవి సింకులో ఎదురుచూస్తాయి.