ఒక పోలిషు ఇంటిపేరు

ఆంగ్ల నవలాకారులలో అగ్రగణ్యుడైన జోసెఫ్ కాన్రాడ్ పోలండు జాతీయుడని పలువు రెరుగుదురు. కాన్రాడ్ అనునది ఆయన యింటిపేరు కాదని యెరిగినవారు కొందరే. వారిలోను పెక్కుమంది, ఆంగ్లేయుల మెప్పునకై ఆయన వంశనామమును విడనాడెనని తలంతురు. ఈ యభిప్రాయము సరికాదని మా విశ్వాసము. దానిని విచారించుటకు ముందు ఆ పేరున కర్థ మేమో, ఆంగ్లమున దానికి పట్టిన గతి యేమో చూడవలెను.

ఆయన 1857లో, నేడు ఉక్రెయిను దేశమున నున్న బెర్డిచెవ్ పట్టణమున జన్మించెను. తలిదండ్రు లిడిన పేరు యూజెఫ్ తెయొదోర్ కొన్రాద్, ఇంటిపేరు కొఝెన్యోఫ్‌స్కీ. పోలిషు భాషలో 'కొఝెన్' అనగా వేరు. 'స్కీ' యనునది సంబంధమును దెలుపు ప్రత్యయము. ఇట్టి పేర్లు పెక్కు గ్రామనామములనుండి పుట్టినవి. మన యిండ్లపేర్లు ననేకము లట్లు పుట్టినవే గదా. అయితే యొక భేదము కలదు. 'స్కీ' చేరిన పేరు విశేషణము వంటిది; కావున లింగము ననుసరించి మారును. పురుషుడు కొఝెన్యోఫ్‌స్కీ, స్త్రీ కొఝెన్యోఫ్‌స్కా. కాన్రాడు మేనమామ బొబ్రోఫ్‌స్కీ. తల్లి పుట్టినింటి పేరు బొబ్రోఫ్‌స్కా. ఈ మర్యాద నెరుగనివారు ఆ తోబుట్టువులను వేర్వేరు వంశములవారని భ్రమింపవచ్చును.

ఆంగ్లమునకు ఈ వ్యాకరణముతో పని లేదు. ఆ దేశములలో స్త్రీలకును తరచుగా 'స్కీ' యనియే తగిలింతురు. ఉచ్చారణ యింకను కష్టము. ఈ పేరులోని ఆర్, జెడ్ అను రెండక్షరములు పోలిషున కలిసి ఝకారమునకు దగ్గరయైన యొక్క ధ్వని యగును. ఆంగ్లేయుడు వానిని విడదీసి పలుకును. తరువాతి వకారము ఫకారముగా వినబడవలెనని వానికి తోచదు. లిపి యొక్కటే యగుటచే భాషయు తనకు తెలిసినదే యనుకొనుట యీ చిక్కునకు మూలము.

ఆంగ్లేయుల వర్తకపు నౌకలలో పనిచేసి, 1886లో బ్రిటిషు పౌరుడై, 1895లో 'ఆల్మేయర్స్ ఫాలీ' యను తొలి నవలను ఆయన జోసెఫ్ కాన్రాడ్ అను పేరుతో ప్రకటించెను. ప్రతిభావంతులు దేశమును విడిచిపోవుటను గర్హించుచు 1899లో పోలిషు రచయిత్రి ఎలీజా ఓఝెష్కోవా ఈయనను కఠినముగా నిందించెను. 1901లో, క్రాకోవ్ నగరమున గ్రంథాలయాధికారియైన తన పేరింటివానికే వ్రాసిన జాబులో కాన్రాడు తన పక్షమును చెప్పుకొనెను. పరాయివారు తన నిజమైన యింటిపేరును వికృతము చేయుట సహింపలేక సొంతపేళ్లనే వాడుకొంటిననియు, అందువలన స్వదేశమునకు ద్రోహము చేయలేదనియు దాని సారాంశము.

ఈ మాటను మేము నమ్ముదుము. ఏలయన, ఆయన ముందు నిలిపిన కొన్రాద్ అనునది మెప్పుకై యెరువు తెచ్చుకొనిన పేరు కాదు. పోలండు మహాకవి మిత్స్‌క్యేవిచ్ కావ్యములలోని దేశభక్త నాయకుని పేరది. ఆ పేరిడిన తండ్రి అపొల్లో, రష్యా ప్రభుత్వముచే 1862లో దూరప్రాంతమునకు వెడలగొట్టబడిన కవి. పరుల నోట నిలువగల స్వదేశనామమును బయట నుంచి, నిలువలేనిదానిని కాన్రాడు లోపల దాచుకొనెను. ఇది త్యాగము కాదు, రక్షణము.

ఆయన భయము నిరాధారము కాదు. 1924లో మరణించిన ఆయనకు కాంటర్బరీలో నిలిపిన సమాధిశిలపై యింటిపేరును చెక్కించిరి గాని, ముందున్న పేళ్లను ఆంగ్లముగా మార్చి, తెయొదోర్ అనుదానిని తప్పుగా వ్రాసిరి.

ఈ విషయము మనకును సంబంధించినదే. ఆంగ్లమున వ్రాయునపుడు మన యింటిపేరు ఒక్క అక్షరమై కుంచించుకొనిపోవుచున్నను మనము చింతింపము. మన పిల్లలలో ఆ అక్షరమునకు అర్థ మెరుగని వారును కలరు. కాన్రాడు నిందించుటకు ముందు ఈ సంగతి తలచుకొనుట మంచిది. మన పేరును పూర్తిగా వ్రాయుట, పరుల పేరును వారి నడిగి తెలిసికొని పలుకుట, ఈ రెండును ప్రతి యింటను నేడే ఆరంభింపదగిన సంస్కారములు.