వైద్య పత్రికల్లో సమీక్షా వ్యాసం: ఒక విమర్శనాత్మక పరిశీలన

1. పరిచయం

గత భాగంలో పరిశోధన వ్యాసం నిర్మాణాన్ని తెలుసుకున్నారు. ఈ భాగంలో వైద్య పత్రికల్లో బోధన కోసం రాసే సమీక్షా వ్యాసాన్ని పరిశీలిద్దాం. దాని ప్రయోజనమేమిటి, లోపం ఎక్కడ పుడుతుంది, మంచి వ్యాసాన్ని ఎలా గుర్తించాలి అన్నవి ఇందులోని ప్రధానాంశాలు. మీలో చాలామంది వైద్యులు కారు. అయినా ఈ పాఠం మీకు అవసరమే. దినపత్రిక ఆరోగ్య పేజీలో మీరు చదివే సలహా చాలాసార్లు ఇలాంటి వ్యాసం నుంచి దిగివచ్చిందే.

2. సమీక్షా వ్యాసం స్వభావం

పరిశోధన వ్యాసం "మేం ఇది చేశాం, ఇది కనుగొన్నాం" అంటుంది. సమీక్షా వ్యాసం "ఈ విషయంలో ఇప్పటివరకు తెలిసినది ఇది" అంటుంది. రోజంతా రోగులను చూసే వైద్యుడికి మధుమేహం మీద వచ్చే ప్రతి పరిశోధననూ చదివే తీరిక ఉండదు. అనుభవజ్ఞుడొకరు అవన్నీ చదివి, జల్లెడ పట్టి, పది పేజీల్లో చెబితే అతనికి మేలు. ఈ ప్రక్రియ పుట్టింది ఆ అవసరం నుంచే.

అయితే ఇందులో ఒక చిక్కుంది. పరిశోధన వ్యాసంలో పద్ధతుల విభాగం ఉంటుంది కాబట్టి తప్పు జరిగితే పట్టుకోవచ్చు. పాత తరహా సమీక్షా వ్యాసంలో ఆ విభాగం ఉండదు. రచయిత వేటిని చదివాడో, వేటిని ఎందుకు పక్కన పెట్టాడో చెప్పడు. పాఠకుడు నమ్మవలసింది రచయిత పేరునూ హోదానూ మాత్రమే. ఎక్కువమంది చదివే రచనే తన ఆధారాలను తక్కువగా చూపడం ఈ ప్రక్రియ ప్రధాన లోపమని నా అభిప్రాయం.

3. రెండు పరీక్షలు

ఇది కేవలం అభిప్రాయం కాదు. 1987లో అమెరికా వైద్యురాలు సింథియా మల్రో నాలుగు ప్రముఖ వైద్య పత్రికల్లో 1985 జూన్ నుంచి 1986 జూన్ వరకు వచ్చిన 50 సమీక్షా వ్యాసాలను ఎనిమిది ప్రమాణాలతో పరీక్షించారు. ఎనిమిదింటినీ తీర్చిన వ్యాసం ఒక్కటీ లేదు. 17 వ్యాసాలు మూడు ప్రమాణాలనూ, 32 వ్యాసాలు నాలుగైదింటినీ, ఒకే ఒక్క వ్యాసం ఆరింటినీ తీర్చాయి. సమాచారాన్ని ఎలా వెతికి, ఎంచి, సరిచూశారో స్పష్టంగా చెప్పింది కూడా ఒకే ఒక్క వ్యాసం. తమ ఉద్దేశాన్ని మాత్రం చాలా వ్యాసాలు చక్కగానే చెప్పాయి. అంటే రచయితలకు రాయడం రాక కాదు. దారి చూపాలన్న నియమం అప్పటికి లేదు.

దీనివల్ల నష్టమేమిటని మీరు అడగవచ్చు. 1992లో ఆంట్‌మన్, ఆయన సహచరులు గుండెపోటు చికిత్సపై వచ్చిన సమీక్షలనూ పాఠ్యగ్రంథాలనూ ఆయా కాలాల్లో అందుబాటులో ఉన్న ప్రయోగ ఫలితాలతో పోల్చారు. రక్తపు గడ్డను కరిగించే మందులు ప్రాణాలు కాపాడతాయని ప్రయోగాలన్నిటినీ కలిపి చూస్తే ఎప్పుడో తేలేది. నిపుణుల వ్యాసాలు ఆ మాట చెప్పడానికి ఏళ్లు పట్టింది. మరణాలు తగ్గిస్తుందన్న రుజువు లేని లిడోకెయిన్‌ను ముందుజాగ్రత్తగా ఇమ్మని మాత్రం చెబుతూనే వచ్చాయి. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించినది రోగులు.

4. అయిదు వాక్యాల లేఖ

లోపం పుట్టే మరో చోటు ఉపప్రమాణాల పట్టిక. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అయిదు వాక్యాల లేఖ ఒకటి అచ్చయింది. ఆసుపత్రిలో చేరి నల్లమందు జాతి నొప్పి మందులు తీసుకున్న 11,882 మందిలో, పూర్వం వ్యసన చరిత్ర లేనివారిలో, వ్యసనం స్పష్టంగా నమోదైనది నలుగురికే అని దాని సారాంశం. లేఖలో అబద్ధమేమీ లేదు. కానీ అది ఆసుపత్రిలో వైద్యుల కళ్లెదుట ఉన్నవారి గురించి. ఇంటి దగ్గర నెలల తరబడి మాత్రలు మింగేవారి గురించి అందులో ఏమీ లేదు.

2017లో కెనడా పరిశోధకులు లెక్కించగా ఈ లేఖను ఉటంకించిన రచనలు 608 ఉన్నాయి. వాటిలో 72.2 శాతం, నొప్పి మందుల వల్ల వ్యసనం అరుదు అనడానికి దీన్ని రుజువుగా చూపాయి. 80.8 శాతం, ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవారన్న సంగతే చెప్పలేదు. అమెరికాలో ఆ మందుల వ్యసనం తెచ్చిన విపత్తుకు కారణాలు అనేకం. మూలాన్ని తెరిచి చూడని ఈ అలవాటు వాటిలో ఒకటి.

ఇతరులను విమర్శించే ముందు నా సంగతి కూడా చెప్పాలి. అధ్యాపకుడిగా చేరిన కొత్తలో నేనొక సమీక్షా వ్యాసం రాశాను. ఒక అంకెను వేరొకరి వ్యాసం నుంచి తీసుకొని, మూలాన్నే చదివినట్టు ఉపప్రమాణం ఇచ్చాను. కొన్నేళ్ల తరవాత నా విద్యార్థి ఒకడు మూల వ్యాసం వెతికి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఆ అంకె పెద్దలకు సంబంధించినది. నేను రాసినది పిల్లల గురించి. పత్రికకు దిద్దుబాటు పంపాను, వేశారు. వ్యాసం చదివినవారిలో ఎందరు ఆ దిద్దుబాటు చూశారో నాకు తెలియదు.

5. క్రమబద్ధ సమీక్ష ఒక్కటే మార్గమా?

ఈ లోపాలకు విరుగుడుగా క్రమబద్ధ సమీక్ష వచ్చింది. ప్రశ్ననూ, వెతికే పద్ధతినీ ముందే నిర్ణయించుకొని, దొరికిన ప్రయోగాలన్నిటినీ తూచి చూడడం దాని లక్షణం. 1993లో ఏర్పడిన కోక్రేన్ సంస్థ ఈ పనికి పేరు పొందింది.

అయితే పాత తరహా వ్యాసాన్ని పూర్తిగా తోసిపుచ్చడం సరికాదు. "ఈ మందు ఆ మందు కన్నా మేలా?" వంటి ఇరుకైన ప్రశ్నకు క్రమబద్ధ సమీక్ష తగినది. జ్వరంతో వచ్చిన రోగిని ఏ వరసలో పరీక్షించాలి, ఒక వ్యాధిపై మన అవగాహన ఎలా మారుతూ వచ్చింది వంటి విషయాలకు అనుభవజ్ఞుడి కథనమే కావాలి. ఆ కథనానికి క్రమశిక్షణ నేర్పడం అవసరం. 2019లో ప్రచురితమైన శాన్రా కొలమానం చేసే పని అదే. వ్యాసం ప్రాముఖ్యం, లక్ష్యం, సమాచారాన్ని వెతికిన తీరు, ఉపప్రమాణాలు, శాస్త్రీయ తర్కం, అంకెలను చూపిన తీరు అనే ఆరు అంశాలకు ఒక్కోదానికి 0 నుంచి 2 వరకు, మొత్తం 12 మార్కులు ఇస్తుంది.

చివరి అంశానికి ఒక ఉదాహరణ చూడండి. మందు వాడనివారిలో నూటికి ఇద్దరు, వాడినవారిలో నూటికి ఒకరు జబ్బు పడ్డారనుకుందాం. "ముప్పు 50 శాతం తగ్గింది" అనవచ్చు. "నూరు మంది వాడితే ఒకరికి మేలు" అనీ అనవచ్చు. రెండూ నిజమే. మొదటిది మాత్రమే చెప్పిన వ్యాసం పాఠకుడికి సగమే చెప్పినట్టు.

ఆ కొలమానంలో లేని ప్రశ్న ఇంకొకటుంది: రచయితకు మందుల కంపెనీతో సంబంధముందా? న్యూ ఇంగ్లండ్ జర్నల్ 1990లో అలాంటి సంబంధం ఉన్నవారు సమీక్షలు రాయరాదన్న నియమం పెట్టి, తగిన రచయితలు దొరకడం కష్టమని 2002లో సడలించింది. నిపుణుడూ నిష్పక్షపాతీ ఒకరే కావడం ఎంత కష్టమో దీనివల్ల తెలుస్తుంది.

6. సారాంశం

సమీక్షా వ్యాసం పాఠకుడి తరఫున చదివిపెట్టే రచన. కాబట్టి ఎలా చదివాడో చెప్పడం రచయిత బాధ్యత. మూలాన్ని చూడకుండా ఉటంకించరాదు. తేలినదాన్నీ, వివాదంలో ఉన్నదాన్నీ, ఇంకా తెలియనిదాన్నీ విడివిడిగా చూపాలి. పాఠకుడు కూడా రచయిత హోదాను కాక అతడు చూపిన దారిని చూసి నమ్మాలి.

7. మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. పరిశోధన వ్యాసానికీ సమీక్షా వ్యాసానికీ గల భేదాన్ని వివరించండి.
2. 1980 నాటి లేఖ దుర్వినియోగమైన తీరును 10 పంక్తుల్లో రాయండి.
3. ఈ వారం మీరు చదివిన తెలుగు ఆరోగ్య వ్యాసం ఒకదాన్ని శాన్రాలోని ఆరు అంశాలతో పరీక్షించి, మార్కులు వేసి, కారణాలు రాయండి.