ఇందూరు కారాగార కవిత - సంబోధన విచారము

పద్యము రాజాస్థానముల సొత్తనియు, ప్రజోద్యమములకు గేయమే తగిన వాహికయనియు కొందరు విమర్శకుల మతము. నిజామాబాదు చెరసాల గోడపై 1948లో వెలసిన దాశరథి కృష్ణమాచార్యుల పద్యము ఈ మతమును పునర్విచారింపుమని కోరుచున్నది.

నైజాము రాజ్యమున ప్రజాస్వామిక జీవనము ఓటుతో గాక మాటతో ఆరంభమైనది. 1921లో హైదరాబాదు వివేకవర్ధినీ సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున ప్రసంగింపబూనగా సభ్యులు గేలిచేసిరి. ఆ యవమానమే ఆంధ్రజనసంఘ జననమునకు హేతువైనది. 1930లో జోగిపేటలో ఆరంభమైన ఆంధ్రమహాసభ తన ఆరవ సమావేశమును 1937లో మందుముల నరసింగరావుగారి అధ్యక్షతన నిజామాబాదులోనే జరిపెను. శాసనసభలో చోటులేని జనులు తీర్మానమును ప్రతిపాదించుటను, ఎదిరించుటను ఇట్టి సభలలోనే అభ్యసించిరి.

చెరసాలలో సభ లేదు, కాగితము లేదు. ఇందూరు ఖిల్లాలో బందీయైన దాశరథి బొగ్గుతో గోడపై పద్యము వ్రాసిన వృత్తాంతము సుప్రసిద్ధము. గోడను తుడువవచ్చును గాని ధారణను తుడువ వీలులేదు. యతిప్రాసలు ఇచ్చట అలంకారములు కావు. ఒక్క పదము జారినను లోపమును పట్టియిచ్చు కావలివాండ్రు. ముద్రణాలయము లేనిచోట ఛందస్సే ముద్రణాలయమైనది.

అంతకంటె గమనింపదగినది సంబోధన. ప్రబంధకవి ప్రభువును సంబోధించుట స్తుతికొరకు. ఇందూరు పద్యమున ప్రభువే సంబోధ్యుడు, కాని ముద్దాయిగా. శ్రోతలు తోడి ఖైదీలు. 1949లో వెలువడిన అగ్నిధారను కవి సహఖైదీయైన వట్టికోట ఆళ్వారుస్వామికి అంకితమిచ్చెను. వంటవాడుగా బ్రతుకు నారంభించి, దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వ్యక్తి కృతిభర్త యగుట మన అంకిత సంప్రదాయమున చిన్న మార్పు కాదు.

అయినను ఒక ఆక్షేపము కలదు. గోడ ఒక్క గొంతునే వినిపించును; ప్రజాస్వామ్యము ప్రత్యుత్తరమును గూడ కోరును. 1977లో దాశరథి ఆంధ్రప్రదేశ్ ఆస్థానకవియయ్యెను. 1983లో ఆ పదవియే రద్దయ్యెను. ఇది వ్యక్తిదోషమని యెంచుట న్యాయము కాదు. ప్రజాప్రభుత్వమునకు ఆస్థానమను భావనయే పొసగదు. ఏలికను నిలదీసిన వాక్కునకు ఏలికయే పీఠము వేసినచో సంబోధన మరల మొదటి స్థానమునకు చేరును. ఆళ్వారుస్వామి ప్రజల మనిషి (1955) నవలామార్గమున పలువురి గొంతులకు తావిచ్చినది. మరపునకు లొంగని ఏకవాక్కు పద్యబలము. పరస్పరము ఎదిరించుకొను బహువాక్కు నవలాబలము. ప్రజాజీవనమునకు రెండును కావలెను.

ఈ విచారము గతమునకే పరిమితము కాదు. బోధన్ చక్కెర కర్మాగారము 2015లో మూతపడెను. మూతపడిన కర్మాగారము యొక్క లెక్కలు కచేరీల దస్త్రములలో నిలుచును. చెరకు రైతులు, కార్మికులు సభలలో పలికిన మాటలు, కట్టిన పాటలు నిలువవు. వానికి యతిప్రాసల కావలియు లేదు, ఆళ్వారుస్వామివంటి శ్రోతయు లేడు. కావున నాటి గోడపద్యమును కీర్తించుటతో మన పరిశోధకులు తృప్తిపడరాదు. పలికినవారు చెల్లాచెదరు కాకమున్నే శక్కర్‌నగర్ వాడలకు పోయి, ఆ మాటలను పలికినవి పలికినట్లు వ్రాసికొనుట వారి తక్షణ కర్తవ్యము.