మగవాని గోడు – మన నవల

మగవాని హక్కుల మాట ఈ మధ్య మన విద్యార్థుల నోట తరచు వినబడుతున్నది. చిన్న మంగళారం, చేవెళ్ల వైపు కుర్రవాళ్లు నన్ను నిలదీసి అడిగినదీ ఇదే: ఆడదాని కష్టం రాసినవారు ఇందరున్నారు గదా, మగవాని కష్టం రాసినవాడెవడు? ప్రశ్న కొట్టిపారవేయదగినది కాదు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్క ప్రకారం 2021లో దేశంలో 1,64,033 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 1,18,979 మంది పురుషులు. ఈ అంకె చేతబట్టుకొని పురుష హక్కుల వాదులు తిన్నగా 498-ఎ సెక్షను మీదికి వెళతారు. అదే లెక్కలో మృతులు 42,004 మంది దినకూలీలన్న సంగతి మాత్రం వారి ఉపన్యాసంలోకి రాదు.

నిజానికి తెలుగు నవల ఈ గోడును ఎప్పుడో ఎత్తుకున్నది. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావుకు తండ్రి వంశగౌరవాన్ని అప్పగించి పోతాడు. ఆస్తి ఉన్నంతకాలం ఆ గౌరవం ఔదార్యంగా చెలామణి అయింది. ఆస్తి కరిగాక అదే భార్య మీద లేచే చెయ్యి అయింది. పతనమవుతున్న మనస్సును అంత నిర్దాక్షిణ్యంగా తవ్వి చూపిన రచయితలు మనకు తక్కువ. కాని ఆస్తి కరగడం ఆయనకు కథను నడిపే కారణం మాత్రమే. అందువల్ల జబ్బు మనిషిలోనే ఉన్నట్టు తోస్తుంది. నాకిది లోపమే.

రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి' ఇంకొక అడుగు ముందుకు వేసింది. గుమాస్తా సుబ్బయ్యకు ఆఫీసులో అధికారి అంటే భయం, ఇంట్లో బావమరిది అంటే భయం, కాంట్రాక్టరు గవరయ్య దగ్గర తెచ్చిన డబ్బంటే ప్రాణభయం. ఈ భయం పుట్టుకతో వచ్చినది కాదనీ, రూపాయి రూపాయిగా పేరుకున్నదనీ శాస్త్రి గుర్తించాడు. నేటి పురుష హక్కుల పాఠకుడు ఈ పుస్తకం తెరిస్తే, భర్తను ఈసడించే సావిత్రిని దోషిగా నిలబెడతాడు కాబోలు. మొగుడి ధైర్యం మీద తప్ప తన బ్రతుకు నిలిచే చోటు లేని మనిషి ఆమె; పిరికివాణ్ణి చూసి ఆమె భయపడదా? ఈ మాట శాస్త్రి కూడా ఆమెవైపు నిలబడి చెప్పలేదు.

చట్టం సంగతి. 1983లో 498-ఎ వచ్చింది వరకట్న హింస మీద. ఫిర్యాదు రాగానే యాంత్రికంగా అరెస్టు చేయరాదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, సబబే. నిర్దోషియైన ముసలితల్లిని ఠాణాకు ఈడ్చడం ఏ అభ్యుదయమూ కాదు. సెక్షను 2024 జూలై నుండి భారతీయ న్యాయ సంహితలో 85వ నంబరుగా కొనసాగుతున్నది. అయితే 1961లోనే నిషేధించిన కట్నాన్ని పుచ్చుకుంటున్నదెవరు? పెళ్లిసంతలో కొడుక్కి వెల కట్టేది అతని ఇంటివారే. తన వెలను తానే కాదనే హక్కు కోసం పురుష హక్కుల సంఘాలు ఎంతగా ఉద్యమించాయో నాకు కనబడలేదు.

నవీన్ 'అంపశయ్య' (1969) తెలంగాణ కుర్రవాణ్ణి ఉస్మానియా హాస్టలుదాకా తెచ్చి ఒక్కరోజు చూపింది. ఊళ్లో మిగిలినవాని నవల ఇంకా నా చేతికి రాలేదు. మొయినాబాదు పరిసరాలు చూడండి. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌ల రక్షణకు 1996లో 111 నంబరు ఉత్తర్వు వచ్చింది. కట్టడాల మీద ఆంక్షలున్నా ఫామ్‌హౌసులు లేచాయి. 2022లో ఆంక్షలు తీసివేస్తూ మరో ఉత్తర్వు. ఇక్కడ మడి అమ్ముకున్న మగవాడు అదే భూమి చుట్టూ లేచిన గోడ దగ్గర గేటు తీసే పనికి కుదిరితే, అతని కుంగుబాటు ఏ సెక్షనుకిందికీ రాదు. ఇంటికి పోయి అతడు ఎవరిమీద అరుస్తాడో మనకు తెలుసు. ఆ మడిలో అతనితో సమంగా నాట్లు వేసి, కలుపు తీసిన ఆమెను అమ్మకం నాడు ఎవరైనా అడిగారా? పట్టా పుస్తకంలో పేరుంటేగదా అడగడానికి! ఆ నవల రాయబోయేవాడు సంతకాల రోజునుంచి మొదలుపెట్టాలని నా కోరిక: ఆయన వేలిముద్ర వేస్తుంటే ఆమె రిజిస్ట్రారు కచేరి బయట, చెట్టుకింద కూర్చొని ఉంటుంది.