మూడో విజిల్

"ఏమండీ, పప్పు పెట్టాను. మూడు విజిల్స్ రాగానే స్టవ్ కట్టేయండి" అని మా ఆవిడ స్నానానికి వెళ్లింది. నేను కాగితం, పెన్నూ తీసుకుని వంటింటి గుమ్మంలో కూర్చున్నాను. నెల రోజులుగా ఇదో అలవాటు. రోజూ పది నిమిషాలు, ఏదో ఒక చిన్న అనుభవాన్ని ఉన్నదున్నట్టు రాయడం.

ఈ పిచ్చి అంటించింది, అనుభవాన్ని అది అందినట్టే వర్ణించే తత్వశాస్త్ర మార్గం ఫినామినాలజీకి ఆద్యుడు ఎడ్మండ్ హుసర్ల్. 1905లో జర్మనీలోని గోటింగెన్‌లో ఆయన కాలస్పృహ మీద పాఠాలు చెప్పాడు. పాట వింటున్నప్పుడు ఏ క్షణాన చూసినా చెవిన పడేది ఒక్క స్వరమే కదా, మరి పాట ఎలా వినిపిస్తోంది? జారిపోయిన స్వరం "ఇప్పుడే వెళ్లింది" అన్నట్టు ఇంకా మన పట్టులోనే ఉంటుందట, రాబోయే స్వరానికి అప్పటికే చెవి ఒగ్గి ఉంటామట. ఈ పట్టు వేరు, జ్ఞాపకం వేరు. జ్ఞాపకమంటే పోయినదాన్ని మళ్లీ పిలుచుకోవడం.

మొదటి విజిల్ వచ్చింది. "ఆవిరి ఒత్తిడికి వెయిట్ లేచింది" అని రాసి, వెంటనే కొట్టేశాను. ఒత్తిడి నాకు వినపడలేదు, అది హైస్కూల్లో చదువుకున్నది. తెలిసినదాన్ని కాసేపు బ్రాకెట్లో పెట్టమంటాడు హుసర్ల్. అబద్ధమని కొట్టిపారేయక్కర్లేదు, దాని మీద ఆనుకోకపోతే చాలు. దీనికి ఎపోకే అని పేరు. పేరు పలికినంత తేలిగ్గా లేదు పని. మళ్లీ రాశాను: "ముందు బుస. బుస సన్నబడి కూత. కూత తెగాక కూడా చెవిలో దాని అంచు."

రెండో విజిల్ తర్వాతి నిశ్శబ్దం, మొదటి విజిల్‌కి ముందున్న నిశ్శబ్దం ఒకటి కావు. ఇది మూడోదాని కోసం బిగబట్టుకుని ఉంది. ఇది మాత్రం కొట్టేయకుండా ఉంచాను. నెల రోజుల్లో నాకు దక్కిన మంచి వాక్యం ఇదేనేమో.

హుసర్ల్ జీవితమంతా ఇలా రాస్తూనే పోయాడు. 1938లో కన్నుమూసేనాటికి షార్ట్‌హ్యాండ్ రాతలే దాదాపు 40,000 పేజీలు. ఆయన యూదు కుటుంబంలో పుట్టినవాడు, నాజీలు వాటిని బతకనిచ్చేవారు కాదు. వాన్ బ్రెడా అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి ఆ కాగితాలన్నిటినీ బెల్జియంలోని లూవెన్‌కి చేరవేశాడు.

"ఎన్నొచ్చాయండీ?" బాత్‌రూమ్‌లోంచి కేక.

ఒక కూత మొదలై ముగిసేదాకా పట్టులో ఉంటుంది సరే, లెక్క మాత్రం గుర్తుపెట్టుకోవాల్సిందే. కాగితం చూశాను. అందులో రెండే ఉన్నాయి. వంటింట్లోంచి అడుగంటిన వాసన వస్తోంది.